కోషిన్ మాచి: జపాన్ పల్లెల్లో అరవై రోజులకో జాగారం – తరచుగా అడిగే ప్రశ్నలు

కోషిన్ మాచి అంటే ఏమిటి?

జపాన్ పంచాంగంలో అరవై రోజులకొకసారి ‘కోషిన్’ అనే రోజు వస్తుంది. ఆ రోజు పొద్దుగూకినప్పటి నుంచి మర్నాడు కోడి కూసేదాకా ఎవరూ నిద్రపోకుండా, వాడకట్టు వాళ్లంతా ఒక ఇంట్లో చేరి గడిపే రాత్రే కోషిన్ మాచి. ఇది ఫలానా మతానిదని గీత గీసి చెప్పలేం. మూలం చైనా పాత మతమైన తావో నమ్మకం, పూజించే దేవుడు బౌద్ధం నుంచి వచ్చాడు, కొన్ని ఊళ్లలో జపాన్ సొంత మతమైన షింతో దేవుడు కూర్చున్నాడు, నడిపింది మాత్రం రైతులు. 17వ శతాబ్దం నుంచి 19వ శతాబ్దం మధ్య దాకా, అంటే ‘ఎదో’ అనే చరిత్ర కాలంలో, ఇది దేశమంతటా జోరుగా సాగింది.

నిద్రపోతే ఏమవుతుందని భయం?

మనిషి ఒంట్లో పుట్టుకతోనే మూడు పురుగులు ఉంటాయట. వాటిని సాన్షి అంటారు. ఒకటి తలలో, ఒకటి కడుపులో, ఒకటి నడుము కింద, కాళ్ల వైపు. తలలోది కళ్లు మసకబారేలా, జుట్టు నెరిసేలా చేస్తుంది. కడుపులోది తిండియావ పుట్టిస్తుంది. కిందిది కామాన్ని రేపుతుంది. పాత బొమ్మల్లో మొదటిది తావో సన్యాసిలా, రెండోది నాలుగు కాళ్ల జంతువులా, మూడోది ఆవు తలకు మనిషి కాలు తగిలించినట్టు ఉంటుంది.

ఈ మూడూ మనిషి చేసే తప్పులన్నీ గుర్తుపెట్టుకుంటాయి. కోషిన్ రాత్రి మనిషి నిద్రలోకి జారగానే బయటపడి, స్వర్గానికి వెళ్లి అక్కడి ప్రభువుకు చాడీలు చెబుతాయి. ఆ మనిషి చస్తే తప్ప వాటికి విముక్తి లేదు కాబట్టి ఉన్నదానికి కాస్త కలిపే చెబుతాయి. తప్పు తీరును బట్టి ఆయుష్షులో కోత పడుతుంది. మెలకువగా ఉన్న ఒంట్లోంచి అవి బయటికి రాలేవు. కాబట్టి ఉపాయం ఒక్కటే: ఆ రాత్రి కన్ను మూయకపోవడం.

జపాన్ బౌద్ధులు ఆ స్వర్గ ప్రభువును తైషకుతెన్ అన్నారు. ఆయన మనకు కొత్తవాడేమీ కాదు, ఇంద్రుడే. బౌద్ధంతో పాటు చైనా మీదుగా జపాన్ చేరాడు.

కోత ఎంత?

చైనాలో 4వ శతాబ్దపు తావో పండితుడు గే హోంగ్ లెక్క రాసి పెట్టాడు. పెద్ద తప్పుకు 300 రోజులు, చిన్న తప్పుకు 3 రోజులు. వరుసగా మూడు కోషిన్ రాత్రులు మేలుకుంటే పురుగులు నీరసిస్తాయని, ఏడు రాత్రులు మేలుకుంటే చచ్చిపోతాయని కూడా పాత మాట ఉంది. కానీ జపాన్‌లో ఏడు రాత్రులు పూర్తిచేసి ‘ఇక మాకు అక్కర్లేదు’ అని మానేసిన ఊరు కనిపించదు. పురుగుల పీడ వదిలించుకోవడమే అసలు పని అయితే ఏడాదిన్నరలోపే అందరూ మానేయాలి కదా! తరాల తరబడి సాగిందంటే జనాన్ని పట్టి ఉంచింది పురుగుల భయం కన్నా ఆ కూడికే అని మా అభిప్రాయం. కింది జవాబుల్లో ఇది మళ్లీ మళ్లీ తగులుతుంది.

ఇది మన శివరాత్రి జాగారంలాంటిదేనా?

మేలుకోవడం వరకే పోలిక. శివరాత్రి ఏడాదికొకసారి, మాఘ బహుళ చతుర్దశి నాడు, తిథిని బట్టి వస్తుంది. కోషిన్‌కు తిథితో, చంద్రుడితో సంబంధం లేదు. అది అరవై రోజుల చక్రంలో ఒక స్థానం మాత్రమే. శివరాత్రికి ఉపవాసం ఉంటారు, ఇక్కడ రాత్రంతా తింటూ, బియ్యపు సారా సాకే తాగుతూ కూర్చుంటారు. మెలకువతో దేవుడి అనుగ్రహం సంపాదించడం మన పద్ధతి. ఇక్కడ మెలకువ ఒక కాపలా, ఒంట్లోవాళ్లు బయటికి పోకుండా తలుపు దగ్గర కూర్చోవడం. చిత్రగుప్తుడి చిట్టాతో పోల్చే వాళ్లూ ఉన్నారు గానీ ఆయనది పక్షపాతం లేని పద్దు. సాన్షివి స్వార్థంతో చెప్పే చాడీలు.

కోషిన్ రోజు ఎలా లెక్క కడతారు?

మనకు ప్రభవ నుంచి అక్షయ దాకా అరవై సంవత్సరాల చక్రం ఉన్నట్టే చైనా, జపాన్‌లలోనూ అరవై చక్రం ఉంది. తేడా ఏమిటంటే వాళ్లు సంవత్సరాలనే కాక రోజులను కూడా దానితో లెక్కిస్తారు. పది ‘కాండాలు’ (లోహంలాంటి మూలకాల గుర్తులు), పన్నెండు జంతువులు జతలుగా తిరిగితే అరవై జతలు వస్తాయి. ఏడో కాండం (లోహం), తొమ్మిదో జంతువు (కోతి) కలిసే జత 57వది. అదే కోషిన్.

ఈ లెక్క నెలలతో పనిలేకుండా నడుస్తుంది కాబట్టి ఒక తేదీ తెలిస్తే చాలు, అరవై కలుపుతూ పోవచ్చు. 2026లో కోషిన్ రోజులు ఇవి: ఫిబ్రవరి 15, ఏప్రిల్ 16, జూన్ 15, ఆగస్టు 14, అక్టోబర్ 13, డిసెంబర్ 12. ఆ తర్వాతది 2027 ఫిబ్రవరి 10.

ఎక్కువమంది తప్పు చేసేది ‘రెండు నెలలకొకసారి’ అని తేదీలు వేసుకోవడంలో. 31 రోజుల నెలలు అడ్డుపడి, రెండు మూడు సార్లకే లెక్క ఒకటి రెండు రోజులు జారిపోతుంది. వేళ్ల మీద కాక క్యాలెండర్ మీద రోజులు లెక్కపెట్టండి.

ఏడాదికి ఎన్నిసార్లు వస్తుంది?

మామూలుగా ఆరు. మొదటి కోషిన్ జనవరి 1–5 మధ్య పడితే ఆ ఏడాది ఏడు వస్తాయి. ఈసారి అలా వచ్చేది 2034లో: జనవరి 4న మొదలై డిసెంబర్ 30న ఏడోది. పాత చాంద్రమాన పంచాంగంలో అధికమాసం ఉన్నప్పుడు, లేనప్పుడు ఏడాది నిడివి బాగా మారేది. అందుకని ఐదు, ఆరు, ఏడు కూడా వచ్చేవి. ఏడుసార్లు వచ్చిన సంవత్సరాన్ని విశేషంగా భావించి ప్రత్యేకంగా రాళ్లు నిలిపిన ఊళ్లున్నాయి. సంవత్సరాల చక్రంలో కూడా కోషిన్ ఉంది: 1680, 1740, 1800, 1860, 1920, 1980. రాబోయేది 2040.

జపాన్‌కు ఎప్పుడు వచ్చింది?

9వ శతాబ్దానికే అలవాటుగా ఉంది. బౌద్ధ భిక్షువు ఎన్నిన్ 838లో చైనాలోని యాంగ్‌జౌలో ఉండగా, శీతాకాలపు అయనానికి ముందు రాత్రి జనం నిద్రపోకపోవడం చూసి, ఇది మా దేశంలో మొదటి నెల కోషిన్ రాత్రిలాగే ఉందని తన దినచర్యలో రాసుకున్నాడు.

హేయాన్ కాలపు (9–12 శతాబ్దాల) రాజసభలో అది పూజ కన్నా వినోదం. గో అనే గళ్లపలక ఆట, పాచికలాట, సంగీతం, సాకే, వాటన్నిటికీ మించి కవిత్వం. 10వ శతాబ్దం చివర మహారాణి తేయిషి కొలువులో ఒక కోషిన్ రాత్రి ఆడవాళ్లందరికీ అంశాలిచ్చి పద్యాలు చెప్పించారు. తండ్రి పేరున్న కవి కావడంతో పోలిక వస్తుందని జంకి, తనను పద్యం అడగొద్దని ముందే మాట తీసుకున్న రచయిత్రి సేయి షోనగోన్ మాత్రం తప్పించుకుంది. ఆ ముచ్చట ఆవిడే రాసి పెట్టింది.

విషాదమూ ఉంది. 982లో రేజేయి చక్రవర్తి భార్య ఫుజివారా నో చోషి ఒక కోషిన్ రాత్రి కూర్చున్నచోటే వాలిపోయింది. కునుకు తీస్తోందనుకున్నారు, చూస్తే ప్రాణం లేదు. ఆ తర్వాత ఆమె పుట్టింటివారు కోషిన్ పాటించడం మానుకున్నారని చెబుతారు.

రాజసభ నుంచి యోధుల ఇళ్లకు, 15వ శతాబ్దానికి పల్లెలకు చేరింది. పల్లెకు చేరాకే దీనికి దేవుడు, పటం, రాయి, చందా లెక్కలు వచ్చాయి. కొరియాలో కొర్యో వంశపు రాజసభ కూడా ఈ జాగారం పాటించింది.

ఇది పూర్తిగా చైనా సరుకా, లేక జపాన్ పల్లెల్లో ముందే ఉన్న కూడికకు చైనా పేరు తగిలిందా అన్నది పండితుల మధ్య పాత తగువు. కుబో నోరితాదా తావో మూలాన్ని గట్టిగా చూపించాడు. యనగితా కునియో వైపు జానపద పండితులు దేశీ మూలం వైపు మొగ్గారు. పురుగుల కథ చైనాదే, అందులో అనుమానం లేదు. పల్లెలో ఆ రాత్రి జరిగిన పనుల్లో మాత్రం ఆ కథ వాటా చాలా తక్కువ.

షోమెన్ కొంగో ఎవరు?

కోషిన్ రాత్రి కొలిచే ముఖ్య దేవుడు, నీలిముఖపు వజ్రధారి. మూలంలో రోగాలు తెచ్చే, రోగాలు పోగొట్టే యక్షుడు. మధ్య భారతం నుంచి చైనా రాజధాని చాంగాన్ వెళ్లిన అతికూటుడు 654 నాటికి చైనా భాషలోకి మార్చిన ధారణీ సంగ్రహంలో ఈయన వర్ణన ఉంది: నాలుగు చేతులు, మూడు కళ్లు, ఒంటికి చుట్టుకున్న పాములు. క్షయలాంటి అంటురోగాన్ని తరిమే దేవుడిగా అక్కడ కనిపిస్తాడు. ఒంట్లోని రోగకారకాన్ని అణచేవాడు కాబట్టి ఒంట్లోని పురుగులనూ అణుస్తాడని జపాన్‌లో జత కలిపారు.

జపాన్ రాళ్ల మీద ఎక్కువగా ఆరు చేతులు ఉంటాయి. చక్రం, విల్లు, బాణం, కత్తి, త్రిశూలం వంటివి పట్టుకుంటాడు. ఒక చేతిలో జుట్టు పట్టి వేలాడదీసిన చిన్న ఆడమనిషి బొమ్మ ఉంటుంది. దాన్ని షొకెరా అంటారు. కాళ్ల కింద దయ్యం.

ఆయన మంత్రం జపాన్ ఉచ్చారణలో ‘ఓన్ దేయిబ యకిష బంద బంద కకకక సోవక’. తెలుగువారికి విడమరచి చెప్పనక్కర్లేదు: ఓం దేవ యక్ష బంధ బంధ హ హ హ హ స్వాహా.

కొన్ని చోట్ల సారుతహికో పేరు కనిపిస్తుంది. అదేమిటి?

షింతో వైపు వాళ్లు నిలిపిన దేవుడు. పేరులో ‘సారు’ ఉంది, కోతికీ అదే మాట. పైగా దారి చూపే దేవుడు. 17వ శతాబ్దంలో యమజాకి అన్సాయి అనే పండితుడు ఈ జతను ప్రచారం చేశాడు. ఊరిని బట్టి దేవుడు మారాడు గానీ రాత్రి జరిగే తంతు పెద్దగా మారలేదు.

మూడు కోతులకూ దీనికీ సంబంధం ఏమిటి?

రోజు కోతిది కాబట్టి రాయి మీదికి కోతి వచ్చింది. జపాన్ భాషలో ‘జారు’ అంటే ‘చేయని’ అనే అర్థమూ ఉండటంతో చూడని (మిజారు), వినని (కికజారు), మాట్లాడని (ఇవజారు) కోతులయ్యాయి. మన తప్పులు చూడకు, వినకు, పైన చెప్పకు అని పురుగులకు వేసిన తాళంగా జనం చెప్పుకున్నారు.

జపాన్‌లోని నిక్కో తోషోగూ గుడిలో 1636 నాటి గుర్రపుశాల మీది మూడు కోతుల చెక్కడం ప్రపంచ ప్రసిద్ధం. అది కోషిన్ కోసం చెక్కింది కాదు. కోతులు గుర్రాలకు కాపలా అనే వేరే నమ్మకం దాని వెనుక ఉంది. గాంధీజీ దగ్గర ఉన్న మూడు కోతుల బొమ్మదీ ఈ కోతుల వంశమే. మనకు అది నీతిపాఠంగా చేరింది, చాడీల పురుగుల కథ దారిలోనే రాలిపోయింది.

పల్లెలో ఆ రాత్రి ఎలా గడిచేది?

దీన్ని నడిపే బృందాన్ని ‘కో’ అంటారు. ఒక వాడలోని ఇళ్లు కలిసి ఒక కో. ఇంటికొకరు వస్తారు, ఎక్కువచోట్ల ఇంటి యజమాని. ఆడవాళ్లే నడిపిన కోలు కూడా ఉన్నాయి. ఒక్కో కోషిన్‌కు ఒక్కో ఇల్లు వంతు. ఆ ఇంటిని ‘యాదో’ అంటారు.

కో ఆస్తి అంతా ఒక చెక్కపెట్టెలో ఉండేది: దేవుడి బొమ్మ ఉన్న చుట్టపటం, ధూపపాత్ర, దీపపు సెమ్మెలు, పద్దుపుస్తకం, కొన్నిచోట్ల గిన్నెలు, పళ్లేలు కూడా. రాత్రి ముగిశాక పెట్టె తర్వాతి వంతు ఇంటికి పోతుంది. పద్దుపుస్తకంలో ఎవరు వచ్చారు, ఎవరు ఎంత బియ్యం లేదా డబ్బు ఇచ్చారు, దేనికి ఎంత ఖర్చయింది అన్నీ ఉంటాయి. జమ ఖర్చులు పురుగులకన్నా శ్రద్ధగా రాశారు వీళ్లు.

వరుస ఇలా ఉండేది.

పగలు యాదో ఇంటివారు పెద్దగది ఊడ్చి, గోడ అలంకరణ గూట్లో పటం వేలాడదీస్తారు. దాని ముందు చిన్నపీట. పీట మీద రెండు దీపాలు, ధూపం, పూలు, సాకే, అన్నం లేదా బియ్యం, పిండి ఉండ్రాళ్లు, కాయగూరలు, టోఫు. ఏడు అంకె కోషిన్‌కు ఇష్టమైనదని ఏడు రకాల మిఠాయిలు పెట్టేవారు. ఎదో నగరంలో (ఇప్పటి టోక్యో) ఏడు రంగుల మిఠాయి ఆ రోజే ప్రత్యేకంగా అమ్మేవారు.

చీకటి పడ్డాక సభ్యులు ఇంట్లో స్నానం చేసి, ఉతికిన బట్టలతో వస్తారు. వాకిట్లో చేతులు కడుక్కుని, నోరు పుక్కిలించి లోపలికి. పెద్దవాడు ముందు కూర్చుంటాడు. అందరూ కలిసి ప్రజ్ఞాపారమితా హృదయ సూత్రం చదువుతారు, షోమెన్ కొంగో మంత్రం జపిస్తారు. ఎన్నిసార్లన్నది ఊరి కట్టుబాటు.

పూజ ఒక గంట. మిగతా రాత్రంతా భోజనం, సాకే, కబుర్లు. పంట ధరలు, నీటి వంతులు, పెళ్లి సంబంధాలు, దారి మరమ్మతులు, దయ్యాల కథలు అన్నీ అక్కడే. ‘కబుర్లు కోషిన్ రాత్రికి ఉంచుకో’ అనే సామెత అలా పుట్టింది, పని మానేసి మాట్లాడేవాళ్లను ఆపడానికి. కొన్ని కోలు వంతులవారీగా డబ్బు ఎత్తుకునే చీటీలు కూడా నడిపాయి.

కోడి కూయగానే పటానికి మొక్కి, చుట్టి, పెట్టెలో పెడతారు. అప్పుడే ఇంటికి పోవాలి.

ఏం వండేవారు? కొన్యాకు ఎందుకు?

మాంసం, చేప లేని వంట. అన్నం లేదా నూడుల్స్, సోయా పులుసు, టోఫు, ఉడికించిన దుంపలు. వీటిలో దుంపతో చేసే జున్నులాంటి కొన్యాకుకు ప్రత్యేక స్థానం. ఒంట్లో పేరుకున్న ‘ఇసుక’ను బయటికి ఊడ్చేస్తుందని జపాన్‌లో పాత నమ్మకం. ఒంట్లోని చెత్త కదిలించే రాత్రికి అది నప్పింది.

కొన్యాకు మన కంద జాతి దుంప నుంచి వస్తుంది, రెండూ అమార్ఫోఫాలస్ ప్రజాతివే. దుంప పొడిని నీళ్లలో కలిపి, సున్నపుతేట పోస్తే గట్టి జున్నులా పేరుకుంటుంది. దాదాపు 97 శాతం నీరే. మన కందతో ఇంట్లో ప్రయత్నించకండి. పేరుకునే గుణమిచ్చే గ్లూకోమానన్ అనే పీచు మన కందలో ఆ స్థాయిలో లేదు, ముద్ద కూరే మిగులుతుంది.

కొన్న కొన్యాకు అయితే రెండువైపులా సన్నగా గాట్లు పెట్టి, మరిగే నీళ్లలో రెండు మూడు నిమిషాలు ఉడికించి పారబోయండి, సున్నపు వాసన పోతుంది. తర్వాత నూనె లేని మూకుడులో కిచకిచమనేదాకా వేయించి, అప్పుడు సోయాసాస్ పోయాలి. ఈ మధ్య మెట్టు వదిలేస్తే లోపలి నీరు బయటికి వచ్చి రుచి పట్టదు. కత్తితో నున్నగా కోయకుండా చెంచాతో తుంచితే గరుకు అంచులకు పులుసు బాగా అంటుతుంది.

కునుకు వస్తే ఏం చేసేవారు?

అసలు వైద్యం పక్కవాడి మోచెయ్యే. ఆగలేకపోతే చదవడానికి మంత్రాలున్నాయి. 12వ శతాబ్దపు సంకలనంలో దొరికే ఒక పద్యం సారాంశం ఇది: పురుగులారా, నా పక్క వదిలి పొండి, పడుకున్నా నిద్రపోలేదు, నిద్రపోకున్నా పడుకున్నాను. పురుగులను తికమక పెట్టడమే ఎత్తు. మూడు పురుగులనూ పేరుపెట్టి పిలిచి, ‘చీకట్లోకి పోయి నా ఒంటిని వదలండి’ అనే మంత్రం ఇంకోటి. రాజసభలోనే ఇలాంటి వెసులుబాటు ఉందంటే, తెల్లవార్లూ మేలుకున్నవాళ్లు ఎందరో ఊహించుకోవచ్చు.

పిల్లలను భయపెట్టడానికి, పైన చెప్పిన బొమ్మ పేరే ఉన్న షొకెరా ఉండనే ఉంది. ఇంటి కప్పులోని గవాక్షం నుంచి తొంగిచూస్తూ, ఎవరు నిద్రపోయారో కనిపెట్టే భూతం. 1776లో చిత్రకారుడు తోరియామా సెకియెన్ దాన్ని మూడు గోళ్ల చేతులతో కప్పు మీద వాలి ఉన్నట్టు గీశాడు.

ఆ రాత్రి ఏవి కూడవు?

మాంసాహారం, గొడవ, అన్నిటికీ మించి భార్యాభర్తల కలయిక. కోషిన్ రాత్రి కడుపున పడ్డ బిడ్డ దొంగ అవుతాడని గట్టి నమ్మకం. 1594లో క్యోటోలో మరిగే కొప్పెరలో వేసి చంపిన గజదొంగ ఇషికావా గొయెమోన్ అలా పుట్టినవాడేనని జనం అన్నారు. ఎదో కాలపు హాస్యపద్యం ఒకటి, కోషిన్ రాత్రి సంగతి గొయెమోన్ అమ్మానాన్నలు మరిచిపోయారు అని దెప్పుతుంది.

కోషిన్ నాడు పుట్టిన బిడ్డకు కూడా ఇదే దోషం. విరుగుడు పేరులో ఉంది: లోహం, బంగారం సూచించే అక్షరం పెట్టాలి. నవలాకారుడు నత్సుమే సోసెకి 1867 ఫిబ్రవరి 9న, కోషిన్ నాడు పుట్టాడు. అసలు పేరు కిన్నోసుకె. అందులోని ‘కిన్’ బంగారమే.

ఎక్కడ తేడా కొట్టేది?

మొదటిది వంతుల దగ్గర. వంతు వచ్చిన ఇంట్లో చావు జరిగితే మైల, అక్కడ పటం పెట్టకూడదు. తర్వాతి ఇంటితో మార్చుకోవాలి. మార్పు పద్దులో రాయకపోతే మరుసటి వరుసలో తగువు.

రెండోది మొక్కు తెగడం. మూడేళ్లు వరుసగా 18 రాత్రులు పూర్తిచేస్తే రాయి నిలపాలని ఆనవాయితీ. మూడేళ్లకు సుమారు 1,095 రోజులు, అరవైతో భాగిస్తే 18 పైచిలుకు, లెక్క సరిపోతుంది. కానీ నాట్ల కాలంలోనో, మంచులోనో ఒక రాత్రి తప్పితే పట్టింపు ఉన్న కో మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి.

మూడోది పొగ. దీపాలు, ధూపం పటానికి దగ్గరగా పెడితే బొమ్మ నల్లబడుతుంది. ముఖం నీలమో నలుపో తేలని పాత పటాలకు ఇదే కారణం. పటం పీటకు జానెడు వెనక్కి ఉండటం మంచిది.

నాలుగోది సాకే. దీని గురించి విడిగా చెప్పాలా?

ఊళ్లలో కనిపించే కోషిన్ రాళ్లను ఎలా గుర్తుపట్టాలి?

ఇవే కోషిన్ తో. ఊరి పొలిమేరల్లో, దారులు కలిసేచోట, గుడి గోడల పక్కన ఉంటాయి. పైనుంచి కిందికి చూడండి. పైన రెండు మూలల్లో సూర్యుడు, చంద్రుడు, చాలాసార్లు మబ్బు మీద. మధ్యలో షోమెన్ కొంగో. పాదాల దగ్గర దయ్యం. అటూ ఇటూ పుంజు, పెట్ట: కోతి రోజు తర్వాతది కోడి రోజు, పైగా జాగారం ముగింపు కోడికూతతోనే. అట్టడుగున మూడు కోతులు.

బొమ్మ లేకుండా అక్షరాలే ఉన్న రాళ్లు కూడా బోలెడు, ముఖ్యంగా 1800, 1860 నాటివి. చెక్కడం చవక, పని త్వరగా అయిపోతుంది. జపాన్ లిపి రాకపోయినా ‘కోతి’ అక్షరాన్ని పట్టుకోవచ్చు: నిలువు పెట్టె, దాని మధ్యలో ఒక అడ్డగీత, పెట్టెను పైనుంచి కిందికి చీల్చుకుని రెండువైపులా బయటికి పొడుచుకొచ్చే పొడవాటి గీత. పక్కల్లో శకం పేరు, సంవత్సరం, నెల, ‘శుభదినం’ అని ఉంటాయి. పీఠం మీద డబ్బిచ్చిన వాళ్ల పేర్లు. కొన్ని రాళ్ల పక్కన ‘కుడికి ఫలానా దారి’ అని ఉంటుంది, ఊరి రాయి బాటసారికి గుర్తుగా కూడా పనికొచ్చింది.

చెక్కడం అరిగిపోయి కనిపించకపోతే సుద్ద పూయకండి, నీళ్లు పోసి బ్రష్‌తో రుద్దకండి. మెత్తటి రాయి పై పొర నాచుతో పాటే ఊడివస్తుంది. ఉదయం లేదా సాయంత్రం వాలు ఎండలో వెళ్లండి, లేదా టార్చిని రాయి అంచున, దాదాపు సమాంతరంగా పట్టి వెలిగించండి. నీడ పడి అక్షరం లేచి కనిపిస్తుంది.

ఇలాంటి జాగారాలు ఇంకా ఉన్నాయా?

ఉన్నాయి. సూర్యోదయం కోసం రాత్రంతా ఎదురుచూసేది హిమాచి. ఫలానా తిథి చంద్రుడు వచ్చేదాకా కూర్చునేది త్సుకిమాచి, వాటిలో 23వ రాత్రిది ఎక్కువ ప్రచారంలో ఉంది. ఎదో నగరంలో ఏడో నెల 26వ రాత్రి తకనావా సముద్రతీరానికి జనం విరగబడేవారు. తెల్లారుజామున వచ్చే ఆ చంద్రరేఖ వెలుగులో అమితాభ బుద్ధుడు ఇద్దరు బోధిసత్త్వులతో కనిపిస్తాడని పేరు. నిజానికి నూడుల్స్ బండ్లు, పాటకచేరీల కోసమే చాలామంది వెళ్లారు.

ఎందుకు ఆగిపోయింది?

1868 తర్వాత మేయిజీ ప్రభుత్వం బౌద్ధాన్ని, షింతోను విడదీసింది, ఇలాంటివి మూఢనమ్మకాలంది. రోడ్లు వెడల్పు చేసినప్పుడు రాళ్లు తీసి గుడి ఆవరణల్లో వరుసగా పెట్టారు. ఈనాడు ఒకేచోట పదీ ఇరవై రాళ్లు కనిపించడానికి కారణం అదే. 1873లో పాత పంచాంగం పోవడం చంద్రుడి జాగారాలను గట్టిగా దెబ్బతీసింది, కోషిన్‌ను అంతగా కాదు, ఎందుకంటే దాని లెక్క నెలలతో ముడిపడలేదు. అసలు దెబ్బ జీతపు ఉద్యోగాలు. పొద్దున్నే ఫ్యాక్టరీకి పోవాల్సినవాడు తెల్లవార్లూ కూర్చోలేడు. ముందు అర్ధరాత్రికి ముగించడం, తర్వాత పగటిపూట భోజనం, ఆ తర్వాత ఏడాదికొకసారి. 20వ శతాబ్దం రెండో సగంలో చాలా కోలు పెట్టెను గుడికో మ్యూజియానికో అప్పగించాయి.

ఇప్పుడు ఎక్కడ చూడొచ్చు?

క్యోటోలో యాసకా కోషిన్‌దో. రంగురంగుల గుడ్డ కోతులు, కుకురిజారులు, గుత్తులుగా వేలాడతాయి. చదరపు గుడ్డ మధ్యలో దూది పెట్టి, నాలుగు మూలలనూ కాళ్లూ చేతులుగా ఒకచోటికి లాగి కట్టి, పైన గుండ్రటి తల కుట్టిన బొమ్మ. కోరిక రాసి కట్టాలి, అది తీరాలంటే ఇంకో కోరిక వదులుకోవాలి. ఫొటోల కోసం జనం ఎక్కువ, బొమ్మలను పట్టి లాగకండి.

ఒసాకాలో షితెన్నోజి కోషిన్‌దో. 701లో షోమెన్ కొంగో ఇక్కడే మొదట ప్రత్యక్షమయ్యాడని స్థలపురాణం. కోషిన్ నాడు, అంతకు ముందురోజు జనం వస్తారు. అమ్మే కొన్యాకును ఉత్తరం వైపు తిరిగి, మాట్లాడకుండా తినాలి. నడుమ ఫోన్ ఎత్తితే మళ్లీ కొనుక్కోవడమే.

నారాలోని నారామాచి వీధుల్లో ఇంటి చూరుకు ఎర్ర గుడ్డ కోతులు కట్టి ఉంటాయి, ఇంట్లో ఎందరుంటే అన్ని. ఇంటివాళ్లకు రావాల్సిన కీడు వాటికి తగులుతుందని. టోక్యోలో శిబమతా తైషకుతెన్ గుడి, పైన చెప్పిన ఇంద్రుడిదే. కనిపించకుండా పోయిన చెక్కబొమ్మ 1779లో కోషిన్ నాడు దొరకడంతో అదే అక్కడి ఉత్సవ దినమైంది.

వీటిలో ఎక్కడా బయటివారిని తెల్లవార్లూ కూర్చోబెట్టరు. సాయంత్రానికే తలుపులు మూస్తారు, కాబట్టి పగలే వెళ్లండి. బయల్దేరే ముందు పైన చెప్పిన తేదీలతో సరిచూసుకోండి. మామూలు రోజున వెళ్తే కొన్యాకు దొరకదు.